ఛార్జింగ్ చోట మిరపకాయలు

ఆదివారం, రాత్రి

డీజిల్ కారు కొందామన్న నాన్నను పోరి పోరి ఎలక్ట్రిక్ కారు కొనిపించింది నేనే. ఈరోజు నాన్నా నేనూ నరసరావుపేట నుంచి మాచర్లలో ఇంటికి వస్తుంటే గురజాల దగ్గర ఛార్జింగ్ అడుగంటింది. యాప్‌లో అక్కడి ఛార్జింగ్ స్టేషన్ ఖాళీగా ఉందని చూపించింది. తీరా వెళ్తే, కారు నిలిపే చోటంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కాపలాగా ఒక పెద్దమ్మ.

“ఏంది పాపా, ఆ పెట్టె పెట్టిన కాణ్నుంచి పనిచేసిందే లేదు. గచ్చు మాత్రం చానా బాగా కాగుద్ది,” అంది.

ఏసీ ఆపేసి, రెంటచింతల ఎండలో ఉడుకుతూ ఎలాగో మాచర్ల చేరాం. దారి పొడుగునా నాన్న చూపు బ్యాటరీ అంకె మీదే. కారు అమ్మేద్దాం అంటాడేమోనని నాకు ఒకటే దడ. అన్నం తిన్నాక అన్నాడు.

“ఏమే, ఈసారి మన చేలో కాయలు కూడా ఏసుకుపోదాం. ఆ గచ్చు బాగుంది.”

అమ్మేద్దాం అనలేదు, అంతే చాలు. కాకపోతే, బస్తాల బరువుతో అక్కడిదాకా ఛార్జింగ్ సరిపోతుందా అని...