వట్టి చేతులతో రా

అట్‌బాషి, ఏప్రిల్ నెల

అక్క కలిపాకు తమ్ముడు ఒరోజ్ సలాములు. నేనూ, నీ మరదలు జీపరూ, గొర్రెలూ క్షేమం. గుర్రానికి మాత్రం కాస్త దగ్గు.

బావను మట్టి చేసిననాడు నిన్ను చూశాను, మళ్లీ చూడలేదు. చావులకు తప్ప మనం కలుసుకోవడమే లేదు. అందుకని ఈ వేసవిలో తలస్ వచ్చి తీరాలనుకుని, నిన్న జీపరూ నేనూ ప్రయాణం ఖర్చు లెక్క వేశాం. బిష్కెక్ దాకా టాక్సీలో సీటు, అక్కణ్ణించి మీ ఊరికి మరో సీటు, దారిలో టీ. ఇంతవరకూ దిగుల్లేదు. కానీ నీ మరుదుల భుజాన తలా ఒక కోటు కప్పాలి కదా. నీకు జీపర్ స్వయంగా కుట్టిన ఉన్ని తివాచీ. కోతకు ఒక గొర్రె. గొర్రెకు కూడా సీటు డబ్బులిమ్మంటున్నాడు ఆ డ్రైవరు దొంగ. మొత్తం కూడితే జీపర్ ముందు పడుకుంది, తర్వాత నేను పడుకున్నాను.

నీ మరుదులు ఇంకా ఐదుగురేనా? ఎవరైనా తగ్గారా? ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ తమ్ముడు
ఒరోజ్

తా.క.: గొర్రెకు సగం టికెట్టు చాలదా అని బేరం పెట్టాను. బక్కదే.

*

తలస్, మే నెల

తమ్ముడు ఒరోజ్‌కు అక్క సలాములు. ఇక్కడ నేనూ, కొడుకు తిలెకూ, మోకాళ్ల నొప్పులూ క్షేమం.

ఒరేయ్, ఆ లెక్కలన్నీ పొయ్యిలో పెట్టు. నేను నీకంటే పెద్దదాన్ని, ముందు పోయేదాన్ని. పోయేలోగా నీ మొహం ఒక్కసారి చూడాలి. నాకంతకంటే ఏమీ వద్దు. గొర్రె వద్దు, తివాచీ వద్దు. వట్టి చేతులతో రా.

నీ అక్క
కలిపా

తా.క.: మరుదులు ఐదుగురూ గుండ్రాళ్లలా ఉన్నారు. కోట్లు అసలే వద్దు. ఉన్నవాటికే బొత్తాలు పట్టడం లేదు.

*

అట్‌బాషి, జూన్ నెల

అక్కకు సలాములు.

వట్టి చేతులతో రమ్మంటావా? మేం అంత చితికిపోయామని తలస్‌లో చెప్పుకుంటున్నారా? నీ ఉత్తరం విని జీపర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనేదో మా దరిద్రం నీకు ఏకరువు పెట్టానట. ఆడపడుచు గడపలోకి చేతులూపుకుంటూ వెళ్లిన వాడు మా వంశంలో లేడు.

అందుకని రెండు గొర్రెలు తెస్తున్నాను. బొత్తాలు పట్టవన్నావు కనుక కోట్లు పెద్దవి కుట్టిస్తున్నాం, గుడ్డ చాలా పడుతోంది. వేసవిలో ఇదంతా అయ్యే పని కాదు. ఉన్ని అమ్మి, శరత్కాలంలో వస్తాను. కుదరకపోతే వచ్చే వసంతం.

ఒరోజ్

తా.క.: గుర్రానికి దగ్గు తగ్గింది. ఇప్పుడది నాకు పట్టుకుంది.

*

టెలిగ్రాం. తలస్.

అమ్మ కలిపా ఇక లేదు. వెంటనే రండి. తిలెక్.

*

అట్‌బాషి, జూలై నెల

కలిపాకు,

సలాములు లేవు.

చావు కబురు వింటే లెక్కలు ఎవడు చూస్తాడు? ఊరు ఊరంతా వ్యాను ఎక్కింది. కిరాయి ఎంతని ఒక్కరూ అడగలేదు. కోట్లు లేవు, గొర్రెలు లేవు, నేను చెప్పులు కూడా చెరొక జతవి వేసుకున్నాను. మీ వీధి మలుపులో దిగి, మన ఆచారం ప్రకారం, కర్రమీద వాలి గొంతెత్తాను. నన్ను వీపున మోసిన అక్కా, నా కొండ కూలిపోయిందే అని ఏడ్చుకుంటూ నడిచాను. వెనక మగవాళ్లంతా అందుకున్నారు. నువ్వేమో బకెట్టు పట్టుకుని గేటు తీశావు.

"అంత గొంతు పెట్టకురా, దగ్గొస్తుంది. లోపలికి రా, టీ కాచాను" అన్నావు.

మా ముల్లా ఎత్తిన చేతులు దించాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు. మా పొరుగింటి బురుల్ మాత్రం ఏడుపు ఆపలేదు. దారి పొడుగునా శోకం పాట కట్టుకుంది, మధ్యలో ఎలా ఆపుతుంది? అందరూ నవ్వారు. నేను నీ గడప ఎక్కకుండానే వెనక్కి తిరిగాను. గుక్కెడు టీ తాగలేదు. ఇక తాగను కూడా.

ఒరోజ్

తా.క.: నీ జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. ఒక్క ఉత్తరంలోనూ ఎందుకు చెప్పలేదు?

*

తలస్, ఆగస్టు నెల

తమ్ముడు ఒరోజ్‌కు అక్క వెయ్యి సలాములు.

తప్పు నాదే. తిలెక్ వద్దని మొత్తుకున్నా నేనే బలవంతాన ఆ టెలిగ్రాం ఇప్పించాను. బతికున్నానంటే నువ్వు రావడం లేదు, చచ్చానంటే వస్తావు. నేనేం చెయ్యను? గేటు తీసే ముందు దాని చాటున నిలబడి నీ ఏడుపంతా విన్నాను. తమ్ముడి శోకం చెవులారా విన్న ఆడది ఈ లోకంలో నేనొక్కతెనే కాబోలు. నువ్వు మలుపు తిరిగి వెళ్లిపోయాక, నీ కోసం పోసిన టీ చల్లారిపోతుంటే చూస్తూ కూర్చుని నేనూ ఏడ్చాను.

నువ్వు రానన్నావు కనుక నేనే వస్తాను. కానీ తప్పు చేసినదాన్ని, ఏ మొహంతో ఊరికే వస్తాను? జీపర్‌కు శాలువా, నీకు తెల్ల టోపీ, ముల్లాకు ఏదైనా, దండగ ఏడుపు ఏడ్చిన ప్రతి ఇంటికీ ఒక తలగుడ్డ. తిలెక్ లెక్క కట్టి తల పట్టుకున్నాడు. చిక్కుడు గింజలు అమ్ముడు కాగానే బయల్దేరతాను.

నీ అక్క
కలిపా

తా.క.: బురుల్‌కు అందరికంటే మంచి తలగుడ్డ. బాగా పాడింది. నా వయసు మాత్రం పదేళ్లు పెంచింది.

*

అట్‌బాషి, సెప్టెంబరు నెల

అక్కకు సలాములు. దగ్గుకు కలం నిలవడం లేదు, నేను చెబుతుంటే జీపర్ రాస్తోంది.

కోపం ఎప్పుడో పోయింది. నీ గేటు దాకా వచ్చి వెనక్కి వచ్చిన వెధవను నేను. ఆ టీ తాగి ఉండాల్సింది. శాలువా వద్దు, టోపీ వద్దు. ఊరివాళ్లకు నేను చెప్పుకుంటాను. గింజలు అమ్ముడయ్యేదాకా ఆగకు. ఇప్పుడే రా.

ఒరోజ్

తా.క.: ఆలస్యం చేశావంటే, నువ్వు నేర్పిన విద్యే, నేనూ ఒక టెలిగ్రాం ఇప్పిస్తాను.

*

టెలిగ్రాం. అట్‌బాషి.

ఒరోజ్ ఇక లేడు. వెంటనే రండి. జీపర్.

*

తలస్

తమ్ముడు ఒరోజ్‌కు అక్క సలాములు, చీవాట్లు.

నీ టెలిగ్రాం అందింది. పోస్టాఫీసు పిల్ల కళ్లు తుడుచుకుంటూ తెచ్చి ఇచ్చింది. నేను పకపకా నవ్వాను. మా వాడు అన్నంత పనీ చేశాడే, అక్క నేర్పింది అక్కకే అప్పజెప్పాడే అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. తిలెక్ వెళ్లి మీ ఊరికి ఫోను చేసి వచ్చాడు. ఎవరు మాట్లాడారని అడిగితే చెప్పడు, నా మోకాళ్లకు పట్టీలు కడుతున్నాడు. వాడు నీతో చేతులు కలిపాడని నాకు తెలుసులే.

వ్యాను వచ్చేసింది. మరుదులు ఐదుగురూ ఎక్కి కూర్చున్నారు. గింజలు కల్లంలోనే ఉన్నాయి. ఏమీ కొనలేదు. ఎంతవుతుందని ఎవరూ అడగలేదు.

మీ వీధి మలుపులో అందరూ గొంతెత్తుతారు. నేను ఎత్తను. నేను ఏడిస్తే అది నిజమైపోతుంది. గేటు నువ్వే తియ్యాలి. ఊరందరి ముందూ నన్ను నవ్వులపాలు చెయ్యి, చచ్చేదాకా చెప్పుకుని నవ్వు, నేనేమీ అనుకోను. లోపలికి రా అక్కా అను, చాలు.

నీ అక్క
కలిపా

తా.క.: ఇది పోస్టులో వెయ్యడం లేదు. నీ చేతికే ఇస్తాను. జీపరూ, వాడు తీసుకోకపోతే నువ్వు మాత్రం విప్పకు.