అమ్మ పేరు మీద పేకాట

గురువారం, మైపాడు

అసహ్యంగా ఉంది. అన్నం కూడా సయించలేదు.

పొద్దున సూళ్లూరుపేట నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మా రొయ్యల పచ్చడి ఎప్పుడూ తెప్పించుకునే మనిషే. "అక్కా, మీ వెబ్‌సైట్ తెరిస్తే పేకాట వస్తా ఉంది. డబ్బులు కట్టి ఆడమంటా ఉంది," అంది. నేనూ తెరిచి చూశాను. పైన అడ్రసులో అమ్మ పేరు, కింద పేకముక్కలు, సగం బట్టలతో నవ్వుతున్న ఆడపిల్ల. ఛీ!

వెబ్‌సైట్ చేసిపెట్టిన శీనుకు ఫోన్ చేశాను. ఆ అడ్రసును, అదే డొమైన్‌ను, నా పేరు మీద కాక తన పేరు మీదే రిజిస్టర్ చేసుకున్నాడని అప్పుడు తెలిసింది. ఎవరో అడిగితే, మాకు ఒక్క మాటైనా చెప్పకుండా అమ్మేశాడు.

"అది మా అమ్మ పేరు శీనూ!"

"పేరు మీ అమ్మదే అక్కా, డొమైన్ నాది. డాట్ కామ్ బదులు చివర్లో ఇంకోటి పెట్టుకుంటే సరిపోతాది గదా."

నవ్వాడు కూడా. మా ఇంట్లో ఎన్నిసార్లు చేపల పులుసు తిన్నాడు!

సాయంత్రం నేనే కూర్చుని కొత్త డొమైన్ తీసుకున్నాను. మెయిల్ నాది, ఫోన్ నంబర్ నాది, పాస్‌వర్డ్ నాది. పేరు దగ్గర నా చెయ్యి ఆగింది.

"నా పేరు వొద్దు, నీదే పెట్టు," అంది అమ్మ. "చేపల గంప నెత్తినబెట్టుకొని ఊరూరా తిరిగి తెచ్చుకున్న పేరు. వాడు అమ్ముకునేదానికా?"

నా పేరే పెట్టాను. కానీ ఇన్నాళ్లూ అమ్మిన సీసాల మీద అమ్మ పేరుతో ఆ పాత అడ్రసే ఉంది. అవి ఎన్ని ఊళ్లకు వెళ్లాయో. ఎవరింట్లో ఎవరు అది చూసి, ఇప్పుడు ఫోన్‌లో ఆ పేరు కొడుతున్నారో...