ఫ్రిజ్ వైపు కుర్చీ

జూన్ 3

ఈరోజు నుంచి ల్యాబ్‌కి వెళ్తున్నాను. ఇంకో వారం లీవ్ పెట్టాల్సింది అన్నారు అందరూ. పెట్టి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఒక పెద్దావిడ కట్టుడు పళ్లు, పై వరస పూర్తిచేశాను. మైనంలో పళ్లు ఒక్కొక్కటే నిలబెట్టాలి. ముందు రెండూ మరీ తిన్నగా ఉంటే అబద్ధం చెబుతున్నట్టు కనిపిస్తాయి, ఒకదాన్ని కాస్త ఒరగనివ్వాలి. చెయ్యి తన పాటికి తను చేసుకుపోయింది. డెంటిస్ట్ వచ్చి ఎలా ఉన్నావమ్మా అన్నాడు. బాగానే ఉన్నాను అన్నాను. అబద్ధం కాదు. పన్ను పీకే ముందు చిగురుకిచ్చే ఇంజెక్షన్ నాకు ఒంటికంతా ఇచ్చినట్టుంది, అంతే.

జూన్ 4

మామయ్య, నేను. ఫ్రిజ్ మోత.

జూన్ 7

రాసుకుంటే నాకైనా అర్థమవుతుందేమో.

మా ఆయన ఉన్నప్పుడు ఈ ఇంట్లో పొద్దున్నే పోట్లాట ఉండేది. డైనింగ్ టేబుల్‌కి ఆ కొసన మామయ్య, ఈ కొసన తను, మధ్యలో టీ. ఇద్దరు టెన్నిస్ ఛాంపియన్లలో ఎవరు గొప్ప అన్నది గొడవ. ఒకాయన చెక్క రాకెట్ల కాలం వాడు, పొడుగు ప్యాంటు వేసుకుని ఆడేవాడట. ఇంకొకడు ఇప్పటివాడు. వాళ్లకి అసలు పేర్లున్నాయి గానీ మా ఇంట్లో వాడరు. చెక్కాయన, యంత్రం. అంతే.

దానికో పద్ధతి ఉండేది. ఒకరోజు సర్వీస్ తండ్రిది, మర్నాడు కొడుకుది. సర్వీస్ ఎవరిదైతే వాళ్లు ముందు మాట్లాడాలి. మధ్యలో ఫోన్ మోగినా, ఎవరైనా బెల్ కొట్టినా లెట్. అంటే ఆ మాట లెక్కలోకి రాదు, మొదటి నుంచి మళ్లీ చెప్పుకోవచ్చు. మామయ్య ఒకప్పుడు డ్రాయింగ్ మాస్టారు. ఒలికిన టీలో వేలు ముంచి టేబుల్ మీద కోర్టు గీసేవారు. తుడుచుకునేది నేను.

నేనెప్పుడూ వాళ్ల దగ్గర కూర్చోలేదు. ఇద్దరు పెద్దమనుషులు కోర్టులో ఒక బంతి కోసం అంతలా మూలగడం నాకు కొరుకుడు పడదు. పడగ్గదిలో ఇస్త్రీ చేసుకుంటూ వినేదాన్ని. తలుపు అవతల నుంచి వింటే తండ్రీకొడుకుల గొంతు ఒకటే. ఏ మాట ఎవరిదో తెలిసేది కాదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఇప్పుడు మామయ్య స్టవ్ పక్కన స్టూల్ మీద కూర్చుని టీ తాగుతున్నారు. నేను కిటికీ వైపు కుర్చీలో. ఫ్రిజ్ వైపు కుర్చీ ఖాళీ. చివరిసారి తను దాన్లో కూర్చుని ఉండగానే చూసినట్టు గుర్తు. అందుకే దాని జోలికి పోవడం లేదు.

జూన్ 9

వదిన ఫోన్ చేసింది. మా ఆయనకి ఒక్కతే అక్క. ఆదివారం కారు తెస్తాను, నాన్నని నా దగ్గరికి తీసుకెళ్లిపోతాను, నీకూ కాస్త తెరిపిగా ఉంటుంది అంది. నాన్న ఇష్టం అని కూడా అంది. మామయ్యకి చెప్పాను. నీ ఇష్టం అమ్మా అన్నారు. మీ ఇష్టం మామయ్యా అన్నాను.

ముగ్గురం ఆ ఇష్టాన్ని ఒకరి మీదకి ఒకరం నెట్టుకున్నాం. అది ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు.

జూన్ 10

మామయ్య సూట్‌కేసు దింపి దుమ్ము దులిపారు.

నాకు ఆయన ఉండాలని ఉందా? వెతికాను. ఇంజెక్షన్ తర్వాత పేషెంట్లు పెదవి ఉందో ఊడిందో తడిమి చూసుకుంటారే, అలాగ. ఏమీ తగల్లేదు. ఒక్క సంగతి మాత్రం తెలుసు. ఆయన వెళ్లిపోతే ఈ ఇంట్లో తన గొంతు ఉండదు. ఉన్న గొంతు కూడా బెల్లం కొట్టిన రాయిలా పలకడం లేదు, అది వేరే సంగతి.

జూన్ 12

పొద్దున ఒక పిచ్చిపని చేశాను. వెళ్లి ఫ్రిజ్ వైపు కుర్చీలో కూర్చున్నాను. యంత్రమే గొప్ప మామయ్యా అన్నాను.

ఆయన స్టూల్ మీద నుంచి నా వంక చూశారు. నేను ఆపలేదు. వాడు గెలిచినన్ని కప్పులు చెక్కాయన గెలిచాడా అన్నాను. గడ్డి, మట్టి, సిమెంటు, అన్నిటి మీదా గెలిచాడు, మీ చెక్కాయన రోజుల్లో నాలుగు పెద్ద టోర్నమెంట్లలో మూడు గడ్డి మీదేనట కదా అన్నాను. నా నోటికి ఇవన్నీ ఎలా వచ్చాయో. ఇన్నేళ్ల ఇస్త్రీ ఊరికే పోలేదు. ఊపులో ఇంకో మాట కూడా అనేశాను. అసలు మంచి వయసులో ఉండగా యంత్రాన్ని పెద్ద టోర్నమెంట్లకి రానివ్వలేదు, లేకపోతే ఇంకా గెలిచేవాడు అన్నాను.

మామయ్య కప్పు కింద పెట్టారు. అది చెక్కాయన పాయింటమ్మా అన్నారు. డబ్బు తీసుకుని ఆడేవాళ్లని రానివ్వంది ఆ కాలంలో, ఈ కాలంలో కాదు అన్నారు.

ఇన్ని రోజుల తర్వాత అంత పొడుగు మాట. వెంటనే అడిగాను, తనది యంత్రమే కదా అని. ఆయన లేచి గదిలోకి వెళ్లిపోయారు.

పెళ్లయి ఇన్నేళ్లయింది. మొగుడు ఎవరి పక్షమో తెలియదు నాకు. సిగ్గుపడాలి. అది కూడా రేపెప్పుడో వస్తుందేమో.

జూన్ 13

సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చేసరికి మామయ్య స్టూల్ వదిలేసి టేబుల్ దగ్గర నిలబడి ఉన్నారు. కూర్చోమన్నారు. ఫ్రిజ్ వైపుకి నడిస్తే అక్కడ కాదన్నారు.

ఆయన చెప్పింది ఇది. ఎండ, గాలి ఎప్పుడూ ఒకళ్లకే కలిసి రాకూడదని టెన్నిస్‌లో ఎండ్స్, అంటే ఆడే వైపులు, మారుస్తారు. వీళ్లూ మార్చుకునేవాళ్లు, ప్రతి సోమవారం. కిటికీ వైపు కూర్చున్నవాడు ఆ వారమంతా చెక్కాయన తరఫు. ఫ్రిజ్ వైపు కూర్చున్నవాడు యంత్రం తరఫు. తను ఒక్కోసారి ఇటు, ఒక్కోసారి అటు కూర్చోవడం నేనూ చూశాను. ఎండ పడుతోందని అనుకున్నాను.

మరి నిజంగా తనకి ఎవరు గొప్ప అని అడిగాను. నాకూ తెలీదమ్మా అన్నారు. వాడు చెప్పలా, నేనడగలా, అడిగితే ఇంక ఆటేముంది అన్నారు.

చివరి వారం తను కిటికీ వైపట. అంటే ఇన్నాళ్లూ నేను ముట్టుకోకుండా కాపాడిన కుర్చీ మామయ్యది. పాపం పెద్దాయన్ని స్టూల్ ఎక్కించాను. మా ఆయన కుర్చీలో నేనే హాయిగా కూర్చుని టీ తాగాను, పేపర్ చదివాను, గోళ్లు కూడా తీసుకున్నాను. నవ్వొచ్చింది. మామయ్యా నవ్వారు. ఆ నవ్వు తలుపు అవతల నుంచి విన్నట్టే ఉంది.

తర్వాత ఇంకోటి చెప్పారు. తను ఆఫీసులో లిఫ్ట్ దగ్గర కూలిపోయిన ఆ రోజు పొద్దున సర్వీస్ తనదేనట. యంత్రం చేతికి చెక్క రాకెట్ ఇచ్చి ఆడమంటే గెలుస్తాడా నాన్నా అని అడిగాడట. సాయంత్రం చెప్తాలే, ఆఫీసుకి టైమైంది పో అన్నారట మామయ్య.

జూన్ 14

ఆ మాటకి జవాబు ఇంకా బాకీ ఉంది. పొద్దంతా అదే ఆలోచన. ఒకాయన పళ్ల సెట్‌కి రంగు షేడ్ తప్పు పెట్టి మళ్లీ చేశాను.

జూన్ 15, ఆదివారం

నేను కిటికీ వైపు కూర్చున్నాను. మామయ్య ఫ్రిజ్ వైపు, సూట్‌కేసు గుమ్మం దగ్గర. జవాబు చెప్పండి మామయ్యా అన్నాను.

టీ కలిపి చెంచా పక్కన పెట్టారు. గెలుస్తాడు అన్నారు. చెక్క రాకెట్ చేతికి అలవాటు కావడానికి ఒక నెల పడుతుంది, ఆ తర్వాత గెలుస్తాడు, ఆట రాకెట్‌లో ఉండదు అన్నారు. ఆ నెల రోజులూ చెక్కాయన గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాడా, ఆయనకీ వీడి రాకెట్ ఇవ్వండి మరి అన్నాను.

మామయ్య తల పైకెత్తారు. ఈ మాట వాడెప్పుడూ అనలేదే అన్నారు. నేను వినలేదే ఇది అన్నారు మళ్లీ. కళ్లు తుడుచుకున్నారు. వెళ్లొద్దు మామయ్యా అన్నాను. అనేదాకా ఆ మాట నా దగ్గర ఉందని నాకు తెలియదు.

వదిన వచ్చింది. సెట్ మధ్యలో లేచి వెళ్తే ఓడినట్టే కదే అన్నారు మామయ్య. వదినకేం అర్థం కాలేదు. సూట్‌కేసు మళ్లీ అటక ఎక్కించి, టీ తాగి వెళ్లింది.

జూన్ 16

సోమవారం. ఎండ్స్ మారాం. నేను ఫ్రిజ్ వైపు. సర్వీస్ నాది.

రెండో మాటకే ఏడుపొచ్చేసింది, ఆగలేదు.

మామయ్య ఆగారు. లెట్ అన్నారు.