తిప్పేస్వామి ట్రాక్టరును దాటిన సంగతి

రాయదుర్గం,
శ్రావణ మాసం, గురువారం ఉదయం.

చిరంజీవి తమ్ముడు ఓబులేసుకు అక్క రుక్మిణమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వు, మరదలు, చిన్నమ్మ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. చిన్నమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయి. ఫరవాలేదని రాయవద్దు, మెట్లు ఎక్కుతోందో లేదో రాయి.

బెంగళూరులో మా తిప్పేస్వామికి నువ్వు చూసిపెట్టిన కాపలా ఉద్యోగానికి శనివారంలోగా జవాబు కావాలన్నావు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఫోనులో చెప్పవచ్చు గానీ నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వవు. కోడలి అన్న ఈరోజే మన ఊరికి వస్తున్నాడు, ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను.

నా గురించి దిగులు పడకు. ఇక్కడ గాలి మన ఊరి గాలే, దుమ్ము మాత్రం ఎక్కువ. మబ్బులు వస్తాయి, కర్ణాటక వైపు పోతాయి. కోడలు లక్ష్మీదేవి జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌కు పోతుంది, వంట నాది. పక్క షెడ్డులో పగలంతా కుట్టుమిషన్ల మోత. మొదట్లో తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఆదివారం మిషన్లు ఆగితే మధ్యాహ్నం కునుకు పట్టడం లేదు. ఒక్కటే లోటు, వీధిలో అందరూ తలుపులు వేసుకొని ఉంటారు. నేను తిట్టదగినవాళ్లు ఎవరూ దొరకరు. నేను బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. మాజీ సైనికులకు లారీ డ్రైవర్లుగా శిక్షణ ఇప్పించే చట్టం వచ్చిందంటే నువ్వు నవ్వావు. నేను దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిది. సైన్యంలో బండి తోలిన ఏళ్లు అనుభవం కింద లెక్కకు వస్తాయి. రోడ్డు మీద పరీక్ష మాత్రం అందరితో సమానం. రెండోసారి తప్పితే పేరు తీసేస్తారు. మనవాడు ఒకసారి తప్పాడని నీకు తెలుసు. ఎందుకు తప్పాడో తెలియదు.

సైన్యంలో బండ్లు వరుస కట్టి పోయేటప్పుడు ముందు బండి నుంచి సైగ రానిదే వెనక బండి దాటకూడదట. కొండదారుల్లో అన్నేళ్లు అలా తోలిన మనిషికి పరీక్ష రోజు నీళ్ల ట్యాంకరు లాగే ట్రాక్టరు ఒకటి అడ్డం వచ్చింది. వీడు దాని వెనకే మర్యాదగా కడదాకా పోయాడు. ఎందుకు దాటలేదని అధికారి అడిగితే, "ముందు నుంచి సైగ రాలేదు సార్" అన్నాడట. "వాడు సెల్లులో మాట్లాడతాండాడు. నీకు సైగ యాడ చేస్తాడప్పా!" అని ఆయన కాగితం మీద కొట్టేశాడు.

మొన్న క్యారియరు ఇవ్వడానికి శిక్షణ మైదానానికి వెళ్లి, నేనూ లారీ ఎక్కి కూర్చున్నాను. నేర్పించే మస్తాన్ నవ్వాడు గానీ దించలేదు. రోడ్డెక్కగానే మళ్లీ ఒక ట్రాక్టరు. వీడు మళ్లీ దాని వెనకే.

"ఫౌజీ అన్నా, అది నీ పటాలం బండి కాదు. దానికి సెల్యూట్ కొడతాండావా ఏంది?" అన్నాడు మస్తాన్.

నాకు ఓపిక పోయింది. "దాటరా!" అన్నాను. "సరేమ్మా" అని వెంటనే దాటేశాడు.

"బాగుండాది! పరీక్షకు కూడా పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకొని పోవల్ల!" అన్నాడు మస్తాన్.

అతని మాట నిజమే. తిరిగి వచ్చేటప్పుడు ముందు ఇంకో ట్రాక్టరు తగిలితే నోట్లో గుప్పెడు వేయించిన శనక్కాయలు పోసుకొని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వీడు నా వైపు చూశాడు. నేను నములుతున్నాను. మస్తాన్ వైపు చూశాడు. అతనూ శనక్కాయలకు చేయి చాచాడు. కాసేపటికి హారన్ మోగింది, ట్రాక్టరు వెనకబడింది.

"ఎవరు చెప్పినారు నీకు?" అన్నాడు మస్తాన్.

"రోడ్డు కాళీగా ఉండాది. దాటినా."

రాత్రి బెంగళూరు సంగతి చెప్పాను. "నువ్వేమంటావమ్మా?" అని అడిగాడు. నాకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి, నీకు తెలుసు. అయినా వాడి కంచంలో ఇంకో ముద్ద వేశాను. లక్ష్మీదేవి దాని మీద పులుసు పోసింది. వాడు తిన్నాడు, చేయి కడుక్కున్నాడు. "మామకు వద్దని రాయి. కాపలా కాసింది చాలు, నేను లారీ తోల్తా" అన్నాడు. సోమవారం రెండోసారి పరీక్షలో ఏమవుతుందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. అయినా రాస్తున్నాను.

చిన్నమ్మ కాళ్లకు నా బదులు నువ్వు మొక్కి, తిప్పేస్వామి పేరు చెప్పి ఆమె దీవెన అడుగు. మరదలికి, వీధిలో పెద్దలకు నా నమస్కారాలు. కోడలి అన్న తిరిగి వచ్చేటప్పుడు కొర్రలు పంపు, రాళ్లు ఏరి పంపు.

మీ మేలు కోరే అక్క,
రుక్మిణమ్మ

ఇక జరగవలసినవి:

1. శుక్రవారమే బెంగళూరుకు ఫోన్ చేసి, రాడని చెప్పు. శనివారం దాకా ఆగితే నీ మనసు మారుతుంది.

2. ఆ పని గురించి మిలటరీ నుంచి వచ్చి ఖాళీగా ఉన్న నరసింహులుకు చెప్పు. ఈ చట్టం గురించీ చెప్పు. ఏది కావాలో అతనే తేల్చుకుంటాడు.

3. సోమవారం పరీక్ష అయ్యేదాకా తిప్పేస్వామికి ఎవరూ ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పకూడదు. నేనూ చెప్పను.

4. ఒకవేళ తప్పితే వాడిని ఒక్క మాట అనకూడదు. అనవలసిందేమైనా ఉంటే బస్సెక్కి వచ్చి నన్ను అను. వేడిగా సంగటి పెడతాను, తిన్నాక అను.