కూసోనీకె వచ్చిన బెంచి

ఎల్బీనగర్, దవాఖాన కాడికెల్లి

నాయినా, నేను మంచిగనే ఉన్న, కొలువు పోలే. నీకు ఫోన్ల వినపడదని కార్డు రాస్తున్న.

నన్ను ఆఫీసుకు పిలిచిండ్రని తమ్ముడు క్రాంతి ఊరికొచ్చి చెప్పిండంట గదా. నేను గూడ నౌకరి పోయిందనే అనుకున్న. ఆడికి పోతే మా ఆయాలం, నర్సులు, అందరం గోడ పొంటి నిలవడ్డం. "పని మంచిగ సాగాలంటె ఏం గావాలో మీరే చెప్పుండ్రి" అన్నడు పెద్ద సారు. పదకొండేండ్ల సంది గట్ల అడిగినోళ్లు లేరు. అలవాటు కొద్ది "ఏం తక్కువ లేదు సార్" అన్న. గని మోకాళ్లు ఊకుంటయా? "వార్డు కాడ ఒక బెంచి ఉంటె..." అని నోట్లకెల్లి వచ్చేసింది. సారు రాసుకున్నడు. వారంల నిజంగనే బెంచి తెచ్చి పెట్టిండ్రు!

ఇగ నాకేం సమజైతలేదు. హెడ్ నర్సు వాసంతి మేడం నిలవడి ఉంటె మేమెట్ల కూసుంటం? "మీకోసమే తెచ్చింది, కూసోండ్రి" అని ఆమె అంటె ఇంకింత సీదగ నిలవడుతున్నం. పైకెల్లి, పనోళ్లకు ఏం గావాలో సార్లకు చెప్పే కమిటీల నన్ను ఏసిండ్రు. ప్రేమతోనా, కోపంతోనా? నువ్వు చేనేత సంఘంల మెంబరుగ ఉంటివి గదా, మొదటిసారి ఎట్ల నోరు తెరిచినవ్? వచ్చే నెల మీటింగు, జెల్ది రాయి.

అవ్వ కండ్లల్ల చుక్కల మందు ఏస్తున్నవా? తమ్మునితోని మోకాళ్ల నూనె పంపు. ఇద్దరికి నా దండాలు.

నీ బిడ్డ స్వరూప

ఈ కార్డు గూడ ఆ బెంచి మీదనే పెట్టి, వంగి, నిలవడి రాస్తున్న.