వెనక గేటు చుక్కలు

ఆదివారం పొద్దున

బావకి,

నేనూ మీ చెల్లెలూ కులాసా. నువ్వూ చెల్లెమ్మా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. షేరు ధర పడిపోయిన దగ్గర్నుంచి నువ్వు మాట్లాడటం మానేశావు గనక, తలుచుకోవడమే నా వంతు.

కుట్టుమిషను ఆడుతోందా? దుకాణం పెద్దది చేద్దామని దాచిందంతా మా పంపుల కంపెనీ షేర్లలో పెట్టావు. "నీ లారీలు నా దుకాణాన్ని కూడా ఎత్తుకుపోయాయి" అన్నావు ఆఖరిసారి. నేను చెప్పులు వెతుక్కుని వచ్చేశాను.

ఇప్పుడు కబురు. మునిగినవాళ్లంతా కలిసి కంపెనీ మీద కేసు వేశారు గదా. వాళ్ల లాయరమ్మ మా ఇంటికొచ్చింది. పంపులు తెగ అమ్ముడుపోతున్నాయని కంపెనీ చెప్పింది అబద్ధమని తేల్చాలట. ముప్పై ఏళ్లు గేటు కాసినవాణ్ణి, ఏం చూశావని అడిగింది.

చెప్పాను. మూడు నెలలకోసారి కంపెనీ అమ్మకాల లెక్క చూపించే ముందు, పంపుల పెట్టెలు లారీలెక్కి ముందు గేటు దాటేవి. చూపించడం అయ్యాక అవే పెట్టెలు భోజనాల వేళ వెనక గేటు నుంచి వచ్చేవి. వచ్చినవి పుస్తకంలో రాయొద్దని మేనేజరు మాట. రాయలేదు. కాని పోయింది తిరిగొస్తే పక్కన చుక్క పెట్టమని మా ఊరి బడి పంతులు నేర్పాడు, మేకల లెక్కకి. చెయ్యి ఊరుకోలేదు. ఆ గేటు పుస్తకాలు కోర్టు తెప్పించింది. చుక్కలు ఈగల మరకలనుకున్నారట అందరూ.

గురువారం నా సాక్ష్యం. నలుగురిలో నోరు విప్పేవాణ్ణి కాను, నా పెళ్లిలో కూడా నా బదులు నువ్వే మాట్లాడావు. అందుకని మీ చెల్లెలు జడ్జిలా కుర్చీలో కూచుని, వినబడ్డం లేదని రోజూ నన్ను సాధిస్తోంది. ఇప్పుడు పక్కింటివాళ్లకి కూడా వినబడుతోందట. భయం లేదు బావా. చూసింది చెబుతాను, గెలుస్తాం.

నువ్వొచ్చి ముందు వరసలో కూచో.

ఇట్లు,
నీ గేటు బావ

తా.క. మొదట రాయాల్సింది చివరికి నెట్టాను. షేర్లు కొనేముందు నువ్వు గేటు దగ్గరికొచ్చి, "సరుకు పోతోందా?" అని అడిగావు. "పోతోంది" అన్నాను. ఆ రోజుకే పుస్తకంలో ఏడు చుక్కలున్నాయి. ఉద్యోగం పోతుందని, తిరిగొచ్చే సంగతి మింగేశాను. గురువారం అది కూడా చెబుతాను. అక్కడ వినేకన్నా ముందు నా చేతిరాతలో చదవడం మేలు. చదివాక కూడా రా. ముందు కూచోబుద్ధి కాకపోతే ఆఖరి వరసలో కూచో. అక్కడికీ వినబడేట్టే చెబుతాను.