మొసలి చేతులు

జనవరి 28

ఈ ఏడాది నేను చూడాల్సిన కుర్రాళ్ళ జాబితా వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్ రిసీవర్లు, అంటే విసిరిన బంతిని పరిగెత్తి పట్టేవాళ్ళు, ఆరుగురు. నాలుగో పేరు ఆమోస్ టిబ్బిట్స్. తండ్రి పేరు చూడక్కర్లేదు. అయినా చూశాను. రోలండ్ టిబ్బిట్స్, అదే కాలేజీలో రిసీవర్ల కోచ్.

ముప్పై నాలుగేళ్ళయింది. ముసలాడు ఇంకా ఆ మైదానాన్నే పట్టుకుని వేలాడుతున్నాడన్నమాట.

జనవరి 29

రాసేస్తే గానీ మనసు ఊరుకునేలా లేదు.

నేనూ అక్కడే ఆడాను, అదే కోచ్ కింద. చివరి ఏడాది ఒక ఆటలో పక్కటెముక చిట్లింది. ఎవరికీ చెప్పలేదు. ఆ వయసులో ఎవడు చెప్తాడు? కాసేపటికి మైదానం మధ్యలో నాకు బంతి వేశారు. ఎదురుగా వాళ్ళవాడు ఆంబోతులా వస్తున్నాడు. నా చేతులు సగంలో ఆగిపోయాయి. ఒక్కసారి. నా బతుకంతటిలో ఆ ఒక్కసారే.

ఆ సోమవారం పెద్ద జట్లకి ఆటగాళ్ళని వెతికే స్కౌట్లు నలుగురు వచ్చారు. నేను పక్కనే కూచుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. వాళ్ళు నా గురించి అడిగితే రోలండ్ నవ్వి, 'వాడా? వాడివి మొసలి చేతులండీ' అన్నాడు. మొసలికి చేతులు పొట్టి కదా. దెబ్బ తగులుతుందని భయపడి, బంతి కోసం చేతులు బారజాపనివాణ్ణి మా ఆటలో అలా అంటారు. రిసీవర్‌కి అంతకంటే పెద్ద బూతు లేదు. తాగుబోతు అన్నా, తలతిక్క అన్నా ఎవరో ఒకరు తీసుకుంటారు. ఈ మాట పడ్డవాణ్ణి ఎవరూ ముట్టుకోరు.

డ్రాఫ్ట్ రోజున పెద్ద జట్లన్నీ వంతులవారీగా తమకి కావాల్సిన కాలేజీ కుర్రాళ్ళ పేర్లు పిలిచాయి. రెండు రోజులు మా అమ్మ ఫోను పక్కనుంచి లేవలేదు. అది మోగలేదు.

ఆడే పని పోయింది. ఆడేవాళ్ళని చూసి రిపోర్టు రాసే పని దొరికింది. ఇప్పుడు వాడి కొడుకు నా జాబితాలో ఉన్నాడు. దేవుడున్నాడు!

ఫిబ్రవరి 9

ఆమోస్ ఆడిన తొమ్మిది ఆటలూ చూశాను. లోపం వెతకడానికే కూచున్నాను, అబద్ధమెందుకు. ఖర్మ, కుర్రాడు బంగారం. మధ్యలోకి బంతి వస్తే ఇద్దరు మీద పడుతున్నా చేతులు బారజాపుతాడు. కింద పడి, గడ్డి దులుపుకుని, బంతి రెఫరీ చేతికిచ్చి నడుచుకుంటూ పోతాడు. గంతులేయడు.

ఫిబ్రవరి 10

మళ్ళీ చూశాను. బంగారమే. ఒళ్ళు మండిపోతోంది.

ఫిబ్రవరి 21

మొదటి మీటింగ్. ఈసారి మాది పదకొండో వంతు. దానితో రిసీవర్‌ని తీసుకోవాలా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాచే లైన్‌మన్‌నా? నాలుగు గంటలు కొట్టుకున్నారు.

మేనేజర్ హాలిస్‌కి రిసీవర్లంటే పడదు. పరిగెత్తి బంతి పట్టేవాడి కోసం మొదటి రౌండ్ తగలేస్తామా అన్నాడు. 'క్వార్టర్‌బ్యాక్ ముందు గోడ లేదురా బాబూ, ముందు గోడ కట్టండి. కర్టెన్లు తర్వాత కొనుక్కోవచ్చు' అని బల్ల గుద్దాడు. హెడ్ కోచ్ డ్రెనన్ ఊరుకునే రకమా? 'గోడలు కట్టుకుంటూ కూచుంటే గత ఏడాది ఆటకి పన్నెండు పాయింట్లే వచ్చాయి. ఖాళీ కొంపకి కాపలావాడెందుకయ్యా? నాకు టిబ్బిట్స్ కావాలి' అన్నాడు. వెంటనే హాలిస్, 'కావాలంటే మీ ఇంటికి తీసుకుపో' అన్నాడు. డ్రెనన్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

ఇద్దరూ అలిసిపోయాక నా వైపు తిరిగారు. ఆ కాలేజీ నా ప్రాంతంలోది కాబట్టి నా మాట మీదే తేలుతుందట. 'వెళ్ళి చూసొస్తాను' అన్నాను. ముప్పై నాలుగేళ్ళుగా ఎవరైనా నా మాట అడుగుతారేమోనని ఎదురు చూశాను.

మార్చి 12, ఓక్లహోమా, మోటెల్

కలిశాను. రోలండ్ నన్ను గుర్తుపట్టాడు. 'ఒరేయ్ ఓరిన్! ఏంట్రా పీపాలా తయారయ్యావు?' అని వీపు మీద చరిచాడు. ఆ చెయ్యి అలాగే విరిచెయ్యాలనిపించింది. వీధి చివరి హోటల్లో కాఫీ, పీకన్ పై అనే గింజల మిఠాయి తెప్పించాడు. డెబ్భై దగ్గరపడుతున్నా గొంతులో అదే దర్జా.

మీవాడి సంగతేమిటి కోచ్ అని అడిగాను. మిఠాయి ముక్క నోట్లో పెట్టుకుని, నవ్వుతూ, 'మావాడా? మొసలి చేతులు' అన్నాడు.

నేను కప్పు కింద పెట్టేశాను.

వాడికదేం పట్టలేదు. చెప్పుకుంటూ పోయాడు. 'ప్రతి కుర్రాణ్ణీ అంటాను రా ఆ మాట. రోషమొస్తే చేతులు వాటంతటవే సాగుతాయి. మావాణ్ణి ఎనిమిదో ఏటి నుంచీ అంటున్నా. నిన్నూ అన్నాను కదూ? చూడు, ఎంతవాడివయ్యావో!'

నన్ను అనలేదురా దరిద్రుడా, ఆ స్కౌట్లకి చెప్పావు. ఈ మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను. చేతికందినదాన్ని అరిచి పాడుచేసుకోవడం ఎందుకు? వాడి వేలితో వాడి కన్నే పొడవొచ్చు. బిల్లు కూడా వాడినే కట్టనిచ్చాను.

మార్చి 13

రిపోర్టు రాశాను. పరుగు, ఎత్తు, చేతుల పొడుగు అన్నీ ఉన్నవి ఉన్నట్టే. 'స్వభావం' అన్న గడిలో ఒక్క వాక్యం: 'మొసలి చేతులు అని సొంత కోచ్, కన్నతండ్రి నాతో అన్న మాట.'

ఒక్క అక్షరం అబద్ధం లేదు. కోర్టులో పెట్టినా నిలబడుతుంది. ఆ నవ్వు సంగతి రాయలేదు, అంతే.

మార్చి 15

ఇంటికొచ్చాక నా భార్య లొరెట్టాకి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను, ముప్పై ఏళ్ళుగా ఈ ఏడుపు వింటున్న మనిషి కదా. 'ఆ పిల్లాడు నీకేం చేశాడయ్యా?' అంది. ఏం చెయ్యలేదన్నాను. 'మరి?' అంది. మరేముంది? తండ్రి తప్పు కొడుక్కి తగులుతుంది. లోకంలో ఎక్కడైనా అంతే.

ఏప్రిల్ 16

చివరి మీటింగ్. నా వాక్యాన్ని హాలిస్ లేచి నిలబడి చదివాడు, పండగ ప్రార్థన చదివినట్టు. డ్రెనన్ ముఖం ఎర్రబడింది. 'తొమ్మిది ఆటలున్నాయి. ఆ భయం ఎక్కడుందో ఒక్కచోట చూపించండి!' అని అరిచాడు. హాలిస్ నింపాదిగా, 'కన్నతండ్రే అన్నాక ఇంకేం చూపించమంటావు? నిప్పు లేనిదే పొగ రాదు' అన్నాడు. డ్రెనన్ నన్ను నిలదీశాడు. 'నువ్వు చెప్పు ఓరిన్, నీ కళ్ళతో చూశావా?' అన్నాడు.

తండ్రికి తెలిసినంత నాకు తెలుస్తుందా అన్నాను.

బోర్డు మీద ఆమోస్ పేరున్న అట్టముక్కని మొదటి వరస నుంచి తీసి మూడో వరస కింద పెట్టారు. నాకు ఈల వేయాలనిపించింది.

ఏప్రిల్ 18

మా జట్టు ఒక్కటే వదిలేస్తే ఏం లాభం? పన్నెండో వంతువాడు ఎగరేసుకుపోతాడు. పాత స్నేహితులు ఇద్దరున్నారు, వేరే జట్ల స్కౌట్లు. బర్గర్లు తింటూ, 'ఎవరికీ చెప్పకండేం' అని చెప్పాను. మా వాళ్ళలో అలా చెప్తే ముప్పై రెండు జట్లకీ చాటింపు వేసినట్టే.

ఏప్రిల్ 26, ఉదయం 7

నిన్న మొదటి రౌండ్. మేము లైన్‌మన్‌ని తీసుకున్నాం. కొండంత మనిషి, పేరు పలకడానికే అర నిమిషం పట్టింది.

టీవీ వాళ్ళు మధ్యమధ్యలో టిబ్బిట్స్ ఇల్లు చూపించారు. సోఫా నిండా చుట్టాలు. బల్ల మీద కేకు. ఆమోస్ మోకాలి మీద ఫోను. రోలండ్ కొత్త టై కట్టుకుని మధ్యలో కూచున్నాడు. పదిహేనో పేరు దాకా నవ్వాడు. ఇరవైకి టై వదులు చేసుకున్నాడు. ముప్పై రెండు పేర్లూ అయిపోయాయి, ఫోను మోగలేదు. చివర్లో వాడి ముఖం దగ్గరగా చూపించారు. కడుపు చల్లబడింది. మా అమ్మ బతికుంటే చూపించేవాణ్ణి.

ఏప్రిల్ 27

రెండో రౌండ్‌లోనూ ఎవరూ పిలవలేదు. మూడో రౌండ్‌లో మా వంతు వచ్చింది. హాలిస్ తాపీగా మైకు దగ్గరికి ఒంగి ఆమోస్ టిబ్బిట్స్ పేరు చెప్పాడు!

హాలిస్ నా భుజం తట్టాడు. 'మొదట్లో తీసుకుంటే నెత్తినెక్కించుకోవాలి. ఇప్పుడైతే మన షరతుల మీద వస్తాడు. నీ పుణ్యమే ఓరిన్' అన్నాడు. డ్రెనన్ వచ్చి నన్ను కావలించుకున్నాడు. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. నేనే కాఫీ కప్పు పట్టుకుని దిమ్మెరపోయి నిలబడ్డాను.

మే 4

ఒక విలేకరి ఆమోస్‌ని కెమెరా ముందే అడిగేశాడట. మీవి మొసలి చేతులని మీ నాన్నగారే అన్నారట కదా, మీరేమంటారు, అని. కుర్రాడు మైకు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మే 6

రోలండ్ ఫోన్ చేశాడు. 'ఎవడ్రా రాసింది? నువ్వేనా?' అన్నాడు. మీరన్నదే రాశాను కోచ్ అన్నాను. 'అది... అది ఇంట్లో మాట రా. నవ్వులాటకి అన్నది. వాడు నా ఫోను ఎత్తడం లేదు రా ఓరిన్. ఊరొదిలి వెళ్ళేటప్పుడు చెప్పి కూడా వెళ్ళలేదు' అన్నాడు. తర్వాత ఏడిచాడు. నేను ఫోను పెట్టేయలేదు, మొత్తం విన్నాను.

ఇన్నేళ్ళు కోరుకున్నది ఇదే. మధ్యాహ్నం భోజనం దాకా బాగానే ఉంది.

మే 11

కొత్తవాళ్ళ క్యాంపు. అందరి అమ్మానాన్నలూ కంచె పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆమోస్ ఒక్కడే వచ్చాడు. నేనేం రాశానో తెలియక, 'నమస్తే సార్, మా కాలేజీవాళ్ళట కదా మీరు' అని చెయ్యి కలిపాడు.

పదకొండు గంటలకి మధ్యలోకి ఒక బంతి వేశారు. వాడి చేతులు సగంలో ఆగాయి. బంతి వేళ్ళకి తగిలి పోయింది. గాలికి అనుకున్నాను. రెండోదీ అంతే. మూడోదానికి వెనకనున్న ఇద్దరు వెధవలు మోచేతులు డొక్కలకి ఆనించి, అరచేతులు మొసలి చేతుల్లా టపటపలాడించి చూపించారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

తొమ్మిది ఆటల్లో లేనిది ఇప్పుడొచ్చింది. పక్కటెముక చిట్లకుండానే వచ్చింది.

జులై 26

పెద్ద క్యాంపు మొదలై మూడు రోజులు. వాడు మధ్యలోకి వెళ్ళాలంటే ముందే కళ్ళు మూసుకుంటున్నాడు. హాలిస్ ఇవాళ అందరి ముందూ, 'ఓరిన్ కన్ను కన్నే! తొమ్మిది ఆటల్లో ఎవరికీ కనపడనిది పట్టేశాడు. వచ్చే వారం ఈ కుర్రాణ్ణి పంపించేద్దాం' అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను బాత్రూమ్‌లోకెళ్ళి తలుపేసుకున్నాను. సిగ్గేసింది. ఆ మాట రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

జులై 29

వెళ్ళి చెప్పు అంది లొరెట్టా. మూడుసార్లు అంది.

జులై 31

చెప్పాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో వాడి ఎదురుగా ట్రే పెట్టుకుని కూచున్నాను. బూట్ల లేసులు, మా అమ్మ, ఫోను, పీకన్ పై, బర్గర్లు తిన్న ఆ ఇద్దరు స్నేహితులు, అన్నీ చెప్పాను. ఒకటి దాచి ఒకటి చెప్పే ఓపిక లేదు. వాడు తింటూనే విన్నాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. 'మా నాన్న ఆ మాట ఎలా అన్నాడు సార్? నవ్వుతూనా?' అన్నాడు.

నవ్వుతూనే అన్నాడని చెప్పాను. నీ మీద గర్వంతో అన్నాడు, అది నాకక్కడే తెలుసు అని కూడా చెప్పాను.

ఫోర్కు కింద పెట్టాడు. లేచి కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. చివరికి, 'రేపు పొద్దున డ్రిల్లుంది. మధ్యలో బంతి అందే చోట ఒకరు దిండులాంటి ప్యాడ్ పట్టుకుని నిలబడి మమ్మల్ని గుద్దాలి. ఆ ప్యాడ్ మీరు పట్టుకోండి' అన్నాడు. సార్ అనలేదు.

నాకు యాభై ఆరు. డాక్టరు మెట్లే ఎక్కొద్దన్నాడు. సరేనన్నాను.

ఆగస్టు 1

ఎడంచేత్తో రాస్తున్నాను. అక్షరాలు నాకే అర్థం కావడం లేదు.

పదకొండు బంతులు. పదకొండూ పట్టాడు, చేతులు బారజాపి. పట్టిన ప్రతిసారీ ఆగకుండా నా మీదుగా పోయాడు. డ్రెనన్ విజిల్ వేసి ఆపబోతే, నేనే వద్దన్నాను. పన్నెండోదాని కోసం లేవబోతే లేవలేకపోయాను. ఆమోస్ వచ్చి చెయ్యిచ్చి లేపాడు. నా చొక్కాకి అంటిన గడ్డి దులిపాడు. ప్యాడ్ తెచ్చి మళ్ళీ నా చేతుల్లో పెట్టి, 'ఇంకోటి' అన్నాడు.